సముద్రం దాటి వచ్చిన కిరీటం: ‘అడెటొకుంబొ’ అనే యొరుబా ఇంటిపేరు – అర్థం, పుట్టుక, వ్యాప్తి

వ్యాససంగ్రహం: నైరుతి నైజీరియాలోనూ దానిని ఆనుకొని ఉన్న బెనిన్ ప్రాంతాలలోనూ నివసించే యొరుబా ప్రజల పేర్లు చాలావరకు పూర్తి వాక్యాలు. ‘అడెటొకుంబొ’ అటువంటి వాక్యనామం. ఆ పేరు నిర్మాణాన్ని, వ్యక్తినామం ఇంటిపేరుగా స్థిరపడిన తీరును, గ్రీకు లిపి ద్వారా అది పొందిన రూపాంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యొరుబా, వ్యక్తినామాలు, ఇంటిపేర్లు, స్వరభేదం, లిప్యంతరీకరణం.

1. ఉపోద్ఘాతం

పేరు మనిషిని గుర్తించడానికి ఏర్పడిన సంకేతం మాత్రమే కాదు. ఒక కుటుంబం తన చరిత్రలోని ఒక సందర్భాన్ని భద్రపరచుకొనే సాధనం కూడా. శిశువుకు పేరు పెట్టేముందు ఇంటి పరిస్థితిని చూడాలని యొరుబా సామెత ఒకటి చెబుతుంది. ఆ సామెతకు ‘అడెటొకుంబొ’ చక్కని ఉదాహరణ. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు యానిస్ వల్ల ఈ ఇంటిపేరు నేడు ప్రపంచమంతటా వినిపిస్తున్నది. అయితే ప్రసిద్ధి పొందిన రూపం యొరుబా రూపం కాదు. ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు ప్రేరణ.

2. పదనిర్మాణం – అర్థం

ఈ పేరులో నాలుగు భాగాలున్నాయి. ‘అడె’ అంటే కిరీటం. ‘టి’ అంటే ‘నుంచి’. ‘ఒకుఁ’ అంటే సముద్రం. ‘బొ’ అంటే తిరిగివచ్చు. నాలుగింటినీ కలిపితే ‘కిరీటం సముద్రం ఆవలినుంచి తిరిగివచ్చింది’ అనే వాక్యం ఏర్పడుతుంది. ‘టి’లోని ఇకారం తరువాతి అచ్చు ముందు లోపించి ‘టొకుఁ’ అవుతుంది. తెలుగులోని ఉత్వ, ఇత్వ సంధులు తెలిసినవారికి ఈ మార్పు కొత్తగా తోచదు. మూడవ భాగంలోని చివరి ధ్వని అనునాసిక ఉకారం. తెలుగు లిపిలో దానిని సూచించడానికి అరసున్న అన్నింటికంటె తగిన గుర్తు. వాడుక సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో పూర్ణబిందువుతో ‘అడెటొకుంబొ’ అని రాయడం జరిగింది.

యొరుబా స్వరభేద భాష. ఉచ్చ, మధ్యమ, నిమ్న స్థాయిలను బట్టి పదార్థం మారుతుంది. ‘ఒకుఁ’ అనే పదంలో మొదటి అచ్చును నిమ్నస్థాయిలో, రెండవదానిని మధ్యమస్థాయిలో పలికితే సముద్రం. రెండింటినీ మధ్యమంలో పలికితే బలం. మొదటిది మధ్యమం, రెండవది నిమ్నం అయితే తాడు. అదే విధంగా ‘బొ’ను నిమ్నంగా పలికితే తిరిగివచ్చు, మధ్యమంగా పలికితే పూజించు, ఉచ్చంగా పలికితే ఆహారం పెట్టు అనే అర్థాలు వస్తాయి. కాబట్టి స్వరచిహ్నాలు లేకుండా రాసిన యొరుబా పేరు అర్థాన్ని సగమే తెలుపుతుంది. మిగిలిన సగం పలికేవారి జ్ఞానంపై ఆధారపడుతుంది.

3. నామకరణ సంప్రదాయంలో ఈ పేరు స్థానం

యొరుబా పేర్లను శామ్యూల్ జాన్సన్ మూడు తరగతులుగా వివరించాడు. ఆయన మరణానంతరం 1921లో వెలువడిన ‘యొరుబాల చరిత్ర’లో ఈ వివరణ ఉంది. శిశువు పుట్టుకతోనే వెంటతెచ్చుకొన్న పేర్లు మొదటి తరగతి. కవలలకు పెట్టే టైవొ, కెహిండె ఇందుకు ఉదాహరణలు. పుట్టిన తరువాత కుటుంబ పరిస్థితిని బట్టి పెట్టేవి రెండవ తరగతి. మెప్పుదలగా, ముద్దుగా పిలిచే ‘ఒరికి’ పేర్లు మూడవ తరగతి. అడెటొకుంబొ రెండవ తరగతికి చెందుతుంది.

పేరులోని తొలిపదం సాధారణంగా వంశాన్ని తెలుపుతుంది. ‘అడె’ రాజవంశ సంబంధాన్ని, ‘అయాఁ’ వాద్యకారుల కుటుంబాన్ని, ‘ఒగుఁ’ ఇనుముకు అధిదేవతను కొలిచే కమ్మరులు, వేటగాండ్రు, యోధుల కుటుంబాలను సూచిస్తాయి. అందువల్ల ‘టొకుంబొ’ అనే ఉత్తరభాగం ఒకటే అయినా పూర్వపదం మారుతుంది. ‘ఒలా’ (గౌరవం) చేరితే ఒలాటొకుంబొ అవుతుంది. ఇక్కడ ‘కిరీటం’ అంటే లోహంతో చేసిన ఆభరణం కాదు. పుట్టిన బిడ్డయే కిరీటం. విదేశంలో పుట్టి స్వదేశానికి తెచ్చిన బిడ్డకు ఈ పేరు పెట్టడం పరిపాటి.

4. వ్యక్తినామం ఇంటిపేరుగా మారడం

పూర్వం యొరుబా సమాజంలో తరతరాలకు మారకుండా సంక్రమించే ఇంటిపేరు లేదు. వంశాన్ని ప్రశంసాగీతాలు, కులచిహ్నాలు గుర్తుచేసేవి. బ్రిటిష్ వారు 1861లో లాగోస్‌ను ఆక్రమించిన తరువాత మిషనరీ పాఠశాలలు, చర్చి పట్టికలు, ప్రభుత్వ దస్తావేజులు రెండవ పేరును కోరాయి. ప్రజలు తండ్రి పేరునో తాత పేరునో ఆ స్థానంలో రాయించారు. ఈ విధంగా ఒక బిడ్డ పుట్టిన సందర్భాన్ని చెప్పిన వాక్యం, ఆ సందర్భంతో సంబంధం లేని మనుమలకు కూడా సంక్రమించింది.

5. సముద్రం – చారిత్రక స్మృతి

ఈ పేరులోని సముద్రాన్ని అట్లాంటిక్ బానిస వ్యాపార చరిత్రనుంచి వేరుచేసి చూడలేము. బానిసలుగా అమ్ముడుపోయి, బ్రిటిష్ నౌకాదళం విడిపించగా సియెరా లియోన్ చేరిన యొరుబాలలో కొందరు 19వ శతాబ్దం మధ్యభాగంలో స్వదేశానికి తిరిగివచ్చారు. బ్రెజిల్ నుంచి మరికొందరు వచ్చారు. 1821లో బందీగా చిక్కి, మరుసటి సంవత్సరం విముక్తుడై, 1864లో బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్ వారిలో ప్రముఖుడు. తిరిగివచ్చినవారిలో చాలామంది ఆంగ్ల నామాలతో వచ్చారు. ఆ శతాబ్దం చివరలో లాగోస్ విద్యావంతులు కొందరు వాటిని విడిచి యొరుబా పేర్లు ధరించారు. డేవిడ్ బ్రౌన్ విన్సెంట్ 1894లో మొజోలా అగ్బెబి అయ్యాడు. సముద్రం మనుషులను తీసుకుపోయే మార్గంగా ఉన్న చోట, అది మనిషిని తిరిగి ఇచ్చిందని చెప్పే పేరు ఎంత బరువైనదో ఈ నేపథ్యంలో బోధపడుతుంది.

6. వ్యాప్తి

నైజీరియాలో ఈ పేరు వ్యక్తినామంగానూ ఇంటిపేరుగానూ వాడుకలో ఉంది. ఎగ్బా రాజవంశానికి చెందిన అడెటొకుంబొ అడెమొలా (1906–1993) 1958 నుంచి 1972 వరకు నైజీరియా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ పదవిని పొందిన తొలి నైజీరియన్ ఆయనే. లాగోస్‌లోనూ అబుజాలోనూ ఆయన పేరిట వీధులున్నాయి. పేరు సంక్షిప్తరూపమైన ‘టొకుంబొ’ నిత్యవ్యవహారంలో మరొక అర్థం సంతరించుకొంది. విదేశాలలో కొంతకాలం వాడి దిగుమతి చేసిన కార్లను, వస్తువులను నైజీరియన్లు ‘టొకుంబొ’ అంటారు. రాచబిడ్డ రాకను చెప్పిన మాట పాతకారుకు కూడా వర్తించడం అర్థవ్యాప్తికి ఆసక్తికరమైన నిదర్శనం.

7. గ్రీకు లిపిలో రూపాంతరం

1991లో లాగోస్ నుంచి గ్రీసుకు వలసవెళ్లిన దంపతులకు 1994 డిసెంబరు 6న ఏథెన్స్‌లో యానిస్ జన్మించాడు. తండ్రి యొరుబా, తల్లి ఇగ్బో. గ్రీసులో పుట్టినంత మాత్రాన విదేశీయుల సంతానానికి ఆ దేశ పౌరసత్వం రాదు. ఆయనకు అది 2013 మే నెలలో, 18వ ఏట లభించింది. అప్పటి పత్రాలలో ఇంటిపేరు గ్రీకు లిపిలో నమోదైంది.

ఆధునిక గ్రీకులో ‘డెల్టా’ అక్షరానికి డకార ధ్వని లేదు. ‘బీటా’కు వకార ధ్వని ఉంది. అందుచేత డకారాన్ని ‘ని, టాఫ్’ అనే రెండు అక్షరాలతో, బకారాన్ని ‘మి, పి’ అనే రెండు అక్షరాలతో, ఉకారాన్ని మరొక జంటతో రాస్తారు. గ్రీకులో చదివితే మూలధ్వని చాలావరకు నిలిచే ఉంటుంది. ఆ గ్రీకు అక్షరాలను రోమన్ లిపిలోకి వర్ణానికి వర్ణంగా మార్చినప్పుడు డకారం ‘న్ట్’గా, బకారం ‘మ్ప్’గా కనిపించాయి. అంటే మార్పు గ్రీకు ఉచ్చారణ వల్ల కాక, ఆ తరువాతి యాంత్రిక లిప్యంతరీకరణ వల్ల జరిగింది. ఆ రోమన్ రూపాన్ని చూసి తెలుగులో ‘ఆంటెటోకౌంపో’ అని రాస్తే కిరీటమూ సముద్రమూ రెండూ అదృశ్యమవుతాయి.

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్‌లో 2019, 2020 సంవత్సరాలలో అత్యుత్తమ క్రీడాకారుడిగా ఎంపికై, 2021లో మిల్వాకీ జట్టుకు విజేతస్థానం సాధించిన యానిస్ ఈ మారిన రూపానికే ప్రపంచఖ్యాతి తెచ్చాడు.

8. ముగింపు

అడెటొకుంబొ ఒక వాక్యంగా పుట్టి, వ్యక్తినామమై, దస్తావేజుల అవసరం వల్ల ఇంటిపేరై, లిపులు మారినప్పుడు అర్థం తెలియని ధ్వనిసముదాయంగా మిగిలింది. యానిస్ కుటుంబం నేడు వ్యవహరించే రూపం వారి చట్టబద్ధమైన పేరు; దానిని తప్పుగా భావించవలసిన పనిలేదు. కాని ఆఫ్రికా పేర్లను తెలుగులో రాసే అనువాదకులు, పాత్రికేయులు రోమన్ అక్షరాల వద్ద ఆగిపోక మూలభాషలోని పదవిభాగాన్ని తెలుసుకోవడం అవసరం. తిరిగిరావడాన్ని చెప్పే పేరును దాని అర్థానికి తిరిగి చేర్చడానికి మూలభాషా పరిచయమే మార్గం.