మీకు తెలుసా? కీరవాణి చెవిన పడ్డ కార్పెంటర్స్

పొన్నేరి, గుమ్మిడిపూండి, ఊత్తుకోట, తిరుత్తణి వైపు తెలుగువాళ్ల ఇళ్లలో తెలుగు పాటా తమిళ పాటా పక్కపక్కనే మోగుతాయి. ఇలా రెండు భాషల పాట వింటూ పెరగడం పెద్ద వరం. ఎక్కడి పాటనైనా మనసు పెట్టి వినేవాళ్లకు సొంత పాట మీద పట్టు ఇంకా పెరుగుతుంది. అందుకు కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం. కీరవాణి, ఆయన ఇష్టపడ్డ అమెరికా బ్యాండ్ కార్పెంటర్స్ గొప్ప సాక్ష్యం. ఆ కథలో మన తిరువళ్లూరు జిల్లాకూ చోటుంది.

1. ఆస్కార్ వేదిక మీద ధన్యవాదాలను పాటగా పాడిన తెలుగువాడు కీరవాణి. 2023 మార్చి 12న, మన లెక్కకు 13 తెల్లవారాక, లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్‌లో కీరవాణి బాణీ కట్టగా చంద్రబోస్ రాసిన ‘నాటు నాటు’కు ఉత్తమ పాట అవార్డు వచ్చింది. భారతీయ సినిమా పాటకు ఆ విభాగంలో ఇదే మొదటి ఆస్కార్. మైకు ముందుకొచ్చిన కీరవాణి తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ బాణీలోకి సొంత మాటలు కూర్చి పాడారు.

2. కార్పెంటర్స్ అంటే ఇద్దరే: అన్న రిచర్డ్, చెల్లెలు కారెన్. కార్పెంటర్ వాళ్ల ఇంటిపేరు. రిచర్డ్ 1946లో, కారెన్ 1950లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టారు. 1963లో కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీ ఊరికి మారింది. 1969లో ఎ అండ్ ఎం రికార్డ్స్ వాళ్లతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాదే బర్ట్ బకరాక్, హాల్ డేవిడ్‌ల ‘క్లోజ్ టు యూ’ అమెరికా పాటల పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1970 దశకంలో గిటార్లు హోరెత్తుతున్న రాక్ మధ్య వీళ్లు నెమ్మదైన సాఫ్ట్ రాక్‌తో కోట్లమందిని గెలుచుకున్నారు. మూడు గ్రామీలు అందుకున్నారు.

3. ఆ తేనె గొంతు కారెన్ మొదట డ్రమ్మర్. డౌనీ హైస్కూలు బ్యాండులో ఆమెకు ముందు గ్లాకెన్‌స్పీల్ ఇచ్చారు. ఉక్కు పలకల మీద చిన్న సుత్తులతో వాయించే వాయిద్యం అది. ఆమె చూపంతా పక్కనున్న డ్రమ్ముల మీదే. ఇంట్లో ఎత్తు స్టూళ్లను వరసగా పెట్టుకుని, చాప్‌స్టిక్స్‌తో వాటి మీద సాధన చేసింది. 1966లో హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలంలో జరిగిన బ్యాండ్ల పోటీలో రిచర్డ్ పియానో, కారెన్ డ్రమ్స్, స్నేహితుడు వెస్ జేకబ్స్ ట్యూబా, బాస్ వాయించి గెలిచారు. అప్పటికి కారెన్‌కు 16 ఏళ్లు. పేరు వచ్చాక, డ్రమ్ముల వెనక కూర్చున్న అమ్మాయి కనబడటం లేదని ఆమెను ముందుకొచ్చి నిలబడి పాడమన్నారు. కారెన్ మాత్రం చివరిదాకా తనను పాట పాడే డ్రమ్మర్ అనే చెప్పుకునేది.

4. అమెరికాలో ఎన్నో పెళ్లిళ్లలో మోగిన పాట ఒక బ్యాంకు ప్రకటనలోంచి పుట్టింది. కాలిఫోర్నియాలోని క్రాకర్ బ్యాంకు కోసం రోజర్ నికల్స్ బాణీ కట్టగా పాల్ విలియమ్స్ మాటలు రాసి, తానే పాడారు. కొత్త దంపతులు కారెక్కి వెళ్లే ఆ ప్రకటనను రిచర్డ్ టీవీలో చూశారు. గొంతు గుర్తుపట్టి, పాట మొత్తం ఉందా అని విలియమ్స్‌నే అడిగారు. అలా 1970లో ‘వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్’ వచ్చింది.

5. కార్పెంటర్స్ రికార్డుల్లో వినబడే కోరస్‌లో ఎక్కువగా ఉన్నవి ఆ ఇద్దరి గొంతులే. ఒక వరస పాడి టేపు మీద ఎక్కించేవారు. దాన్ని వింటూ దాని మీద ఇంకో వరస, ఆ పైన మరొకటి పాడేవారు. ఏ గొంతు ఎక్కడ ఏ స్వరం పట్టాలో రిచర్డ్ ముందే రాసిపెట్టేవారు. ఒకే ఇంటి గొంతులు కాబట్టి అతుకు కనబడదు.

6. నెమ్మది పాటలో గిటార్ గర్జన పెట్టినందుకు కోపంగా ఉత్తరాలు రాసిన అభిమానులున్నారు. 1940 నాటి బింగ్ క్రాస్బీ సినిమాలో ఒక పాట పేరు మాత్రమే మాటల్లో వస్తుంది, పాట వినబడదు. ఆ పేరు పట్టుకుని రిచర్డ్ సొంత బాణీ కట్టారు, జాన్ బెటిస్ మాటలు రాశారు. అదే 1972 నాటి ‘గుడ్‌బై టు లవ్’. అందులో టోనీ పెలూసో గిటార్ నాదాన్ని కావాలనే గరగరలాడించే ఫజ్ పద్ధతిలో వాయించారు. కారెన్ గొంతు ఆగిన చోట గిటార్ అందుకుంటుంది, ఆమె దాచుకున్న బాధను పైకి తెస్తుంది. రాక్‌లో ఆ తర్వాత ఎన్నో నెమ్మది పాటలు ఇదే దారి పట్టాయి.

7. ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ను విడిగా విడుదల చేయాలని మొదట వాళ్లు అనుకోలేదు. అది 1972 నాటి ఆల్బంలో ఒక పాటగా ఉండిపోయింది. లిన్ ఆండర్సన్ అనే గాయని దాన్ని కంట్రీ పాటగా పాడి పెద్ద హిట్ చేశాక, కారెన్ మళ్లీ పాడి రికార్డు చేసింది. 1973 డిసెంబరులో అది మొదటి స్థానానికి చేరింది.

8. కీరవాణి పేరులోని రాగం పాశ్చాత్య సంగీతంలోనూ ఉంది. కీరవాణి 21వ మేళకర్త. దాని స్వరాలే పాశ్చాత్యుల హార్మోనిక్ మైనర్. ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ నడిచే మేజర్ స్కేల్ మన 29వ మేళకర్త ధీరశంకరాభరణం. హార్మోనియం మీద సి దగ్గర మొదలుపెట్టి, పై సి దాకా తెల్ల మెట్లే నొక్కుతూ వెళ్లండి, శంకరాభరణం వినబడుతుంది. అందులో గాంధారం, ధైవతం ఒక్కో మెట్టు దించి నల్ల మెట్లు పట్టుకుంటే కీరవాణి వచ్చేస్తుంది. గమకాలు, నడక వేరు కాబట్టి రాగం రాగమే, స్కేల్ స్కేలే. స్వరాల మెట్లు మాత్రం ఇద్దరివీ ఒకటే.

9. పాశ్చాత్య బాణీని మన చెవితో వినడం పొన్నేరికి దక్షిణాన ఉన్న మణలిలో రెండు వందల ఏళ్ల నాడే జరిగింది. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ కుటుంబం మణలి మొదలియార్ల ఆదరణలో ఉండేది. మొదలియార్లు ఈస్టిండియా కంపెనీ దుబాసీలు, కాబట్టి మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వినే వీలుండేది. ఆ బాణీలకు దీక్షితార్ సంస్కృత సాహిత్యం కూర్చారు. శంకరాభరణంలో సాగే ఈ చిన్న రచనలను నోట్టు స్వరాలంటారు. వాటిలో ‘సంతతం పాహిమాం’ బాణీ బ్రిటిష్ జాతీయ గీతానిది. దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చి దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. దీక్షితార్‌కు కృతులు రాసే ప్రేరణ కలిగింది తిరుత్తణి కొండ మీదేనని సంప్రదాయం చెబుతుంది. ఆయన తొలి కృతి ఆ క్షేత్రంలోనే పుట్టింది.

10. తమిళంలో కీరవాణి పేరు మరగతమణి. 1991లో కె. బాలచందర్ ‘అళగన్’కు, మరుసటి ఏడాది ‘వానమే ఎల్లై’కి సంగీతం ఆ పేరుతోనే ఇచ్చారు. హిందీలో ఆయన ఎం.ఎం. క్రీమ్. మరగతమణికి ‘అళగన్’లో, కీరవాణికి ‘అన్నమయ్య’లో పాడిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మన జిల్లావారే. 1946 జూన్ 4న పళ్లిపట్టు దగ్గరి కోనేటంపేటలో పుట్టారు. 2020 సెప్టెంబరులో ఆయన అంత్యక్రియలు జరిగిన తామరైపాక్కం కూడా తిరువళ్లూరు జిల్లాదే.

11. కారెన్ 32 ఏళ్లకే వెళ్లిపోయింది. తిండికి భయపడి, ఒళ్లు చిక్కి శల్యమయ్యే అనోరెక్సియా నెర్వోసా అనే మానసిక వ్యాధి ఆమె గుండెను దెబ్బతీసింది. 1983 ఫిబ్రవరి 4న మరణించింది. అప్పటిదాకా చాలామందికి పేరు కూడా తెలియని ఆ వ్యాధి గురించి అమెరికా ఇళ్లలో మాట్లాడుకోవడం ఆమె మరణంతోనే ఎక్కువైంది. ఎదిగే పిల్లలు పదేపదే తిండి మానేస్తుంటే మొండితనమని కసురుకోకండి, డాక్టరుకు చూపించండి.

12. కీరవాణి పాటకు డౌనీ కుర్రాడి నుంచి జవాబు వచ్చింది. ఆస్కార్ తర్వాత కొద్ది రోజులకే, 76 ఏళ్ల రిచర్డ్ పియానో దగ్గర కూర్చుని, కుటుంబంతో కలిసి ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ మాటలు మార్చి పాడి, కీరవాణికీ చంద్రబోస్‌కూ వీడియోలో అభినందనలు పంపారు. అవార్డుల ప్రయాణమంతా నిబ్బరంగా ఉన్న తన అన్న, ఆ వీడియో చూసి కన్నీళ్లు ఆపుకోలేకపోయాడని ‘నాటు నాటు’ సినిమా దర్శకుడు, కీరవాణికి తమ్ముడి వరసైన రాజమౌళి రాశారు. చిన్నప్పుడు విన్న పాటే ఇన్నేళ్లకు ఇంటి తలుపు తట్టినప్పుడు ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి.

ఇవన్నీ వినాలనుకుంటే ముందు ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ వినండి, తర్వాత గిటార్ కోసం ‘గుడ్‌బై టు లవ్’, ఆ వెంటనే ఒక నోట్టు స్వరం, చివరికి ‘నాటు నాటు’. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఏ భాష, ఎవరి పాట అని ముందే గిరి గీయకండి. పోటీలకూ సర్టిఫికెట్లకూ ముందు పిల్లలకు వినే అలవాటు కావాలి. అది నేర్పే మొదటి బడి ఇల్లే.