యాక్టివ్ క్రాసోవర్

శబ్ద సంకేతం ఆంప్లిఫయరును చేరకముందే దానిని వేర్వేరు పౌనఃపున్య భాగాలుగా విడదీసే ఎలక్ట్రానిక్ వలయాన్ని యాక్టివ్ క్రాసోవర్ అంటారు. మంద్రస్వరాలను వూఫర్ అనే పెద్ద స్పీకరుకు, తారస్వరాలను ట్వీటర్ అనే చిన్న స్పీకరుకు పంపడం దీని పని.

ఆవశ్యకత

డోలు మోతను, తాళాల ధ్వనిని ఒకే స్పీకరు సమానంగా పలికించలేదు. సాధారణ స్పీకరు పెట్టెలలో ఆంప్లిఫయరు తరువాత ఉండే తీగచుట్టలు, కెపాసిటర్లు ఈ విభజన చేస్తాయి. దీనిని పాసివ్ క్రాసోవర్ అంటారు. స్పీకరుకు వెళ్ళే విద్యుత్తు అంతా వీటి గుండానే ప్రవహించాలి కనుక ఇవి పెద్దవిగా ఉంటాయి. 8 ఓముల వూఫరును 300 హెర్ట్జుల వద్ద విడదీయాలంటే అతి సరళమైన వలయానికి కూడా సుమారు 4.2 మిల్లీహెన్రీల రాగి తీగచుట్ట కావాలి. యాక్టివ్ పద్ధతిలో తీగచుట్టలు ఉండవు. అయితే ప్రతి స్పీకరుకు విడిగా ఆంప్లిఫయరు ఉండాలి. స్టీరియోకు మొత్తం నాలుగు కావాలి.

చరిత్ర

ఈ వలయాలకు ఆధారమైన ఫిల్టరును 1955లో అమెరికాలోని ఎం.ఐ.టి. లింకన్ ప్రయోగశాలకు చెందిన సాలెన్, కీ వివరించారు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన పత్రం ద్వారా లింక్‌విట్జ్–రైలీ క్రాసోవర్ ప్రసిద్ధమైంది. దీని నాలుగవ తరగతి వలయంలో విభజన పౌనఃపున్యం వద్ద రెండు భాగాలూ 6 డెసిబెల్స్ తగ్గి, ఒకే దశలో కలుస్తాయి. అందువలన మొత్తం ధ్వని హెచ్చుతగ్గులు లేకుండా ఉంటుంది.

తక్కువ ఖర్చుతో నిర్మాణం

5.6 కిలో ఓముల నిరోధకాలు, 10 నానోఫారడ్ల పాలియెస్టర్ కెపాసిటర్లు ఉంటే ఫిల్టర్లకు వేరే విలువలతో పని లేదు. విభజన సుమారు 2,000 హెర్ట్జుల వద్ద జరుగుతుంది.

మంద్రభాగపు ఒక్కొక్క అంచెలో రెండు నిరోధకాలు వరుసగా వచ్చి ఆప్-ఆంప్‌ యొక్క ధన ప్రవేశాన్ని చేరుతాయి. అక్కడి నుండి భూమికి ఒక కెపాసిటర్, నిరోధకాల కూడలి నుండి ఆప్-ఆంప్ నిర్గమానికి సమాంతరంగా రెండు కెపాసిటర్లు కలపాలి. తారభాగంలో వీటి స్థానాలు తారుమారవుతాయి: కెపాసిటర్లు వరుసలో ఉంటాయి, కూడలి నుండి నిర్గమానికి ఒక నిరోధకం, ధన ప్రవేశం నుండి భూమికి వరుసగా రెండు నిరోధకాలు ఉంటాయి. ప్రతి భాగానికి ఇటువంటి అంచెలు రెండేసి కావాలి. ఆప్-ఆంప్‌ను వృద్ధి లేని అనుచరిగా కలపాలి.

స్టీరియోకు ఫిల్టర్లలో 40 నిరోధక, కెపాసిటర్ భాగాలు, టీఎల్072 చిప్పులు నాలుగు, ప్రవేశ బఫరుకు మరొకటి సరిపోతాయి. 7812, 7912 రెగ్యులేటర్లతో విద్యుత్ సరఫరా ఇవ్వవచ్చు. ఇటువంటి భాగాలు హైదరాబాదులో కోఠి బజారులో దొరుకుతాయి.

జాగ్రత్తలు

పాసివ్ పద్ధతిలో ట్వీటరుకు అడ్డుగా ఒక కెపాసిటర్ ఉంటుంది. ఇక్కడ ఆ రక్షణ లేదు. రెండు నిర్గమాలను పొరపాటున తారుమారు చేసినా, ఆంప్లిఫయరు నుండి ఏకముఖ విద్యుత్తు వచ్చినా ట్వీటరు కాలిపోవచ్చు. కాబట్టి ట్వీటరుకు వరుసలో 47 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటర్ ఉంచడం మంచిది. ట్వీటరును కలిపే ముందు, ఆ ఆంప్లిఫయరు నిర్గమాన్ని మల్టీమీటరుతో పరీక్షించాలి.