సకారమునకు కళ్లెము

సభలలోను, ముషాయిరాలలోను, రేడియో ప్రసంగములలోను మాటకంటె ముందుగా చెవిని తాకి బాధించు ధ్వని యొకటి కలదు. వక్త "సభాసదులారా" అనగానే లౌడ్ స్పీకరు నుండి వెలువడు బుస వంటి చప్పుడు అది. గొంతు మంచిదే, విషయము మంచిదే. కాని శ, ష, స లు వచ్చిన చోటనెల్ల శ్రోత నొసలు చిట్లించును. ఈ దోషమును అదుపులో నుంచుటకు వాడు పరికరమును డీ-ఎస్సర్ అందురు. ఎస్ అను ధ్వనిని తగ్గించునది అని దాని అర్థము. అది ఎట్లు పనిచేయునో, దానిని ఎంతవరకు వాడవలెనో, ఎక్కడ ఆపవలెనో ఇచట వివరింపదలచితిమి. తెలుగు, ఉర్దూ రెండును వేదికపై వినిపించు మన కళాశాలకు ఇది పరాయి విషయము కాదు.

మన వ్యాకరణములు శ, ష, స, హ లను ఊష్మములనినవి. ఊష్మమనగా వేడి, ఆవిరి. పేరు సార్థకమైనది. స పలుకునప్పుడు నాలుక పై పండ్ల వెనుకనున్న చిగురును సమీపించి సన్నని సందును మాత్రమే మిగుల్చును. ఆ సందులో నుండి ఊపిరి వేగముగా దూసుకొనిపోయి, పండ్లకు తగిలి సుడులు తిరుగును. అప్పుడు కంఠములోని నాదతంతువులు కంపింపవు. కనుక స యనునది నాదము కాదు, కేవలము గాలి రొద. అచ్చులకు ఆధారమైన నాదము పురుషుల కంఠమున సెకనుకు సుమారు 100 నుండి 150, స్త్రీల కంఠమున సుమారు 200 కంపనములు గలది. స లోని శక్తి ప్రధానముగా 5,000 నుండి 8,000 కంపనముల మధ్యను, ఒక్కొక్కరిలో అంతకు పైనను ఉండును. శ, ష ల శక్తి అంతకంటె క్రింద, సుమారు 2,500 దగ్గరనే ప్రారంభమగును. స కు, శ కు గల భేదమును చెవి ముఖ్యముగా ఈ ఎత్తును బట్టియే గుర్తించును.

ఎదురెదురుగా కూర్చుండి మాటలాడునప్పుడు బాధింపని ఈ రొద మైకు ముందు ఏల బాధించును? కారణములు మూడు. మొదటిది దూరము. మిత్రుని చెవి మన నోటికి రెండు మూడడుగుల దూరమున ఉండును. మైకు నాలుగంగుళములలో ఉండును. రెండవది మైకు స్వభావము. మాట స్పష్టముగా వినవలెనని చాల మైకులను ఎత్తైన ధ్వనులను కొంత హెచ్చించునట్లు తయారుచేయుదురు. మూడవది కంప్రెసర్ అను పరికరము. అది గట్టి ధ్వనులను అణచి, మొత్తము స్థాయిని పెంచును. అచ్చులలో శక్తి ఎక్కువ గనుక అవి అణగును. స లో శక్తి తక్కువ గనుక అది తప్పించుకొని మునుపటికంటె ప్రస్ఫుటమగును. గ్రామఫోను రికార్డులకు, ఎఫ్.ఎం. రేడియోకు మరియొక చిక్కు కలదు. 1950ల నుండి స్థిరపడిన ప్రమాణము ప్రకారము రికార్డు చెక్కునప్పుడు 10,000 కంపనముల ధ్వనిని సుమారు 14 డెసిబెళ్లు పెంచి చెక్కుదురు, ఎఫ్.ఎం. ప్రసారమునను ఇట్టి పెంపు ఉన్నది. తీవ్రమైన సకారము ఈ పెంపుతో హద్దు దాటి చీలిపోవును. అందుచేతనే రికార్డు చెక్కు గదులకు, రేడియో కేంద్రములకు డీ-ఎస్సర్ అవసరమైనది.

ట్రెబుల్ మీటను త్రిప్పి తగ్గించిన చాలదా యని కొందరడుగవచ్చును. అట్లు చేసిన స తో పాటు మాటలోని కాంతి యంతయు పోవును. పాలు పొంగునేమో యని పొయ్యి ఆర్పివేయుట వంటిది అది. నేర్పుగల గృహిణి పొంగు వచ్చు క్షణమున మంట తగ్గించి, పొంగు అణగగానే మరల పెంచును. డీ-ఎస్సర్ చేయునది ఇదియే.

లోనికి వచ్చిన ధ్వని సంకేతము ఇందు రెండు దారులుగా చీలును. ఒక దారి నేరుగా బయటికి పోవును. దానిపై స్థాయిని హెచ్చించి తగ్గించు మీట వంటి విద్యుత్ వలయము కలదు. రెండవ దారి కావలివాని వంటిది. దానిని ఎవరును వినరు. అందొక వడపోత అచ్చులను తొలగించి, ఊష్మముల ఎత్తులోని ధ్వనిని మాత్రము విడిచిపెట్టును. ఆ ధ్వని మనము నిర్ణయించిన హద్దు దాటెనా, కావలివాడు మొదటి దారిలోని మీటను తగ్గించును. హద్దు లోపలికి రాగానే యథాస్థితికి తెచ్చును. ఒక్క స పలుకుటకు సుమారు సెకనులో పదవ వంతు పట్టును. కనుక ఈ తగ్గింపు కొలది మిల్లీ సెకనులలోనే ప్రారంభమై, తరువాతి అచ్చు వచ్చునప్పటికి ముగియవలెను.

ఈ పరికరములు రెండు విధములు. మొదటి విధమున స వచ్చినప్పుడు ధ్వని యంతయు తగ్గును. రెండవ విధమున ఎత్తైన భాగము మాత్రమే తగ్గును. 1980లలో స్టూడియోలలో ప్రసిద్ధికెక్కిన డీబీఎక్స్ 902 లో ఈ రెండింటిలో నొకదానిని ఎంచుకొను వీలున్నది. ఎత్తైన ధ్వనిని మిగిలిన ధ్వనితో పోల్చి చూచుట దాని ప్రత్యేకత. అందుచే వక్త మెల్లగా మాటలాడినను, గట్టిగా మాటలాడినను అది సమముగా పనిచేయును. అదే సంస్థ తయారుచేసిన 286ఎస్ లో ఈ పనికి రెండే మీటలున్నవి: ఒకటి ఏ ఎత్తు నుండి కావలి కాయవలెనో, రెండవది ఎక్కడ హద్దు గీయవలెనో నిర్ణయించును. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని, స లు ఎక్కువగా నున్న వాక్యమును చదివించుచు, మొదట ఎత్తును, పిదప హద్దును సరిచూడవలెను. తగ్గింపును చూపు దీపములు స వచ్చినప్పుడు మాత్రమే వెలుగవలెను. అచ్చులకు వెలిగిన అమరిక తప్పినదన్నమాట. 3 నుండి 6 డెసిబెళ్ల తగ్గింపు సాధారణముగా చాలును.

అతి చేసిన నష్టమేమి? వక్తకు నాలుక మందమైనట్లు, ముందు పండ్లు ఊడినట్లు వినబడును. అంతకంటె పెద్ద నష్టము అర్థమునకు కలుగును. తెలుగున సకలమనగా సమస్తము, శకలమనగా ముక్క. ఉర్దూలో సబ్ అనగా అందరు. షబ్ అనగా రాత్రి. సాల్ సంవత్సరము, షాల్ శాలువ. ఈ భేదములన్నియు ఆ చిన్న గాలిరొద యెత్తు మీదనే నిలిచియున్నవి. ఉచ్చారణ శుద్ధిగల వానిని "శీన్ కాఫ్ దురుస్త్" అని ఉర్దూవారు మెచ్చుకొందురు. ఏండ్ల తరబడి సాధించిన ఆ శీన్‌ను ఒక మీట చెరిపివేయరాదు గదా! పాత టెలిఫోను తంతి 3,400 కంపనముల పైని ధ్వనిని మోయదు గనుకనే అందులో ఎస్ అక్షరము ఎఫ్ వలె వినిపించెడిది. వయస్సు మీరిన వారికి మొదట తగ్గునది ఎత్తైన ధ్వనుల వినికిడియే. ముందు వరుసలోని యువకునికి హాయి కలిగించు అతి తగ్గింపు వెనుక కూర్చున్న తాతగారికి మాటను దూరము చేయును.

కావున పరికరము కొనుటకు ముందు వ్యయము లేని ఉపాయములను ప్రయత్నింప వలెనని విద్యార్థులకు, కళాశాల పెద్దలకు మా మనవి. మైకును జానెడు దూరమున, నోటికి సూటిగా కాక కొంచెము ప్రక్కగా ఉంచవలెను. సకారపు రొద సూటిగా ముందుకే ఎక్కువగా పోవును. పెంచిన ట్రెబుల్‌ను మొదట తగ్గించి చూడవలెను. నేటి డిజిటల్ మిక్సర్లు పెక్కింటిలో డీ-ఎస్సర్ లోపలనే అమరియున్నది. ఉన్నదానిని మరల కొననక్కరలేదు. రికార్డింగునందు ఇదివరకే చీలిపోయిన ధ్వనిని ఏ డీ-ఎస్సరును బాగుచేయలేదు. తప్పు ఉచ్చారణను దిద్దుట అసలే దాని పని కాదు.

అమరిక సరియైనదో కాదో తెలిసికొనుటకు తేలికైన పరీక్ష యొకటి కలదు. ఒక విద్యార్థి తన పెదవులు కనబడకుండ సకలము, శకలము, సబ్, షబ్, సాల్, షాల్ అను మాటలను క్రమము తప్పించి మైకులో చదువవలెను. చివరి బల్లపై కూర్చున్న నలుగురు విన్నది విన్నట్లు వ్రాయవలెను. వారిలో ఒక పెద్దవారుండుట మేలు. బుస వినబడక, వ్రాసిన మాటలలో తప్పు లేకున్నచో మీటలు ఉండవలసిన చోటనే ఉన్నవి. ఒక్క సకలము శకలమైనను మీటను కొంత వెనుకకు త్రిప్పవలసినదే.