మన ఫైలు ఎవరి చేతిలో ఉంది?

2025 ఏప్రిల్‌లో అమెరికా వలస చట్టాల అమలు సంస్థ ఐస్, సాఫ్ట్‌వేరు కంపెనీ పాలంటీర్‌తో అంతకుముందే ఉన్న కాంట్రాక్టును పెంచింది. ‘ఇమిగ్రేషన్ ఓఎస్’ అనే కొత్త వ్యవస్థ కట్టి ఇవ్వాలన్నది షరతు. ఖరీదు దాదాపు 3 కోట్ల డాలర్లు. నమూనా ఆ ఏడాది సెప్టెంబరు 25 కల్లా సిద్ధం కావాలి, ఒప్పందం 2027 సెప్టెంబరు దాకా నడుస్తుంది. ఎవరిని ముందు పట్టుకోవాలో ఎంచడం, తమంతట తామే దేశం విడిచి వెళ్లేవారి లెక్క ఉంచడం, పట్టుకున్న దగ్గర్నుంచి పంపించేదాకా కేసును నడపడం దాని పనులు. ముందు పట్టుకోవలసినవారి వరసలో హింసాత్మక నేరస్థులు, అంతర్జాతీయ ముఠాలవాళ్లతోపాటు వీసా గడువు దాటి ఉన్నవాళ్లనూ చేర్చారు.

ఇందులో దాపరికం ఎంత? ఒప్పందం ఉందన్న సంగతి దాచలేదు. ప్రభుత్వ కొనుగోళ్ల కాగితాల్లో అది ఉంది, విలేకరులు చదివి రాసిందీ వాటినే. టెండరు మాత్రం పిలవలేదు. కావలసినంత త్వరగా ఈ పని చేయగలిగిన సంస్థ ఇంకొకటి లేదని, ఐస్ పనితీరు పాలంటీర్‌కు బాగా తెలుసునని కారణం చూపించారు. 2014లో 4 కోట్ల 10 లక్షల డాలర్లకు కేసుల నిర్వహణ వ్యవస్థను అప్పగించింది కూడా ఆ కంపెనీకే. పదేళ్లు ఒక్కరిచేతే చేయించుకున్నాక మిగతావాళ్లకు పని రాదనడం తేలికే. ఎవరి పేరు ముందుకు రావాలో తేల్చే లెక్క ఎలాంటిది, ఏయే రికార్డులు కలిపి చూస్తుంది, పొరపాటున ఎక్కిన పేరును ఎవరు తీస్తారు అన్న అసలు సంగతులు మాత్రం ఆ కాగితాల్లో దొరకవు.

పుకార్లు పుట్టేది సరిగ్గా అక్కడే. ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్న పిల్లల పేర్లన్నీ పాలంటీర్‌కు ఇచ్చేశారట. హెచ్1బీ పిటిషన్లు మనుషులు చదవడం మానేశారట. వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఇచ్చే వెబ్‌సైటే మన ముఖం చూసి వీసా వద్దని రాసేస్తోందట. ఈ ‘అట’ల్లో దేనికీ నాకు ఆధారం కనిపించలేదు. మనవాళ్లు మూడు ఆఫీసులను కలిపి ఒకటిగా మాట్లాడతారు. పట్టుకునేది ఐస్. పిటిషన్లు, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసేది యూఎస్‌సీఐఎస్. హైదరాబాద్ నానక్‌రాంగూడలో వీసా స్టాంపింగ్ చేసే కాన్సులేటు విదేశాంగ శాఖది. స్లాట్ల వెబ్‌సైటు నడిపేది ప్రైవేటు కంపెనీయే కానీ, వీసా ఇవ్వాలా వద్దా అన్నది కౌంటరు వెనక ఉన్న అధికారి చేతిలో ఉంటుంది.

అలాగని మనవాళ్లది ఉత్త భయమని కొట్టిపారేయలేను. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని మన సంఘాలేవీ మరచిపోలేదు. 2015లో హోమ్‌లాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే దాన్ని తెరిచారు. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. ప్రభుత్వ జాబితాలో మాత్రం గుర్తింపు పొందిన విద్యాసంస్థగా కనిపించేది. 2019 జనవరిలో అరెస్టులు మొదలైనప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. అది నకిలీదని తెలిసే చేరారన్నది ప్రభుత్వం వాదన, మోసపోయామన్నది పిల్లల మాట. కట్టిన ఫీజుల కోసం వేసిన దావా నడవవచ్చని 2024లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది. ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ పెట్టగా చూసినవాళ్లకు ఏ కాంట్రాక్టును చూసినా అనుమానం రాక మానుతుందా?

అనుమానం ఆధారంగా మారిన సందర్భం ఒకటుంది. అరెస్టయినవారిని నిర్బంధంలో ఉంచాలా, విడుదల చేయాలా అని సిఫారసు చేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఐస్ దగ్గర దశాబ్దం పైగా ఉంది. పారిపోయే అవకాశం ఎంత, సమాజానికి ప్రమాదం ఎంత అని తూచి సలహా ఇవ్వడం దాని పని. 2017లో అందులోంచి ‘విడుదల’ అనే జవాబునే తీసేశారని మరుసటి ఏడాది రాయిటర్స్ బయటపెట్టింది. ప్రశ్నలు అవే అడిగేది, తూకం అలాగే వేసేది, జవాబు మాత్రం ప్రతిసారీ ‘ఉంచండి’ అనే. సమాచార హక్కు చట్టం ఫోయా కింద రాబట్టిన అంకెలు చూస్తే, న్యూయార్క్ ఆఫీసులో ప్రమాదం తక్కువని తేలినవారిలో అంతకుముందు సుమారు 47 శాతం మంది విడుదలయ్యేవారు, ఆ తర్వాత 3 శాతానికి పడిపోయింది. కంప్యూటరు తనంతట తాను కఠినం కాలేదు. ఎవరో ఒక అధికారి ఒక వరస చెరిపేశాడు. బయటి ప్రపంచానికి అది యంత్రం లెక్కలాగే కనిపించింది.

ఇక ప్రైవేటు కంపెనీ, యంత్రం, వలస శాఖ మూడూ కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే బ్రిటన్‌కు వెళ్లాలి. ఆ కంపెనీ మనకు కొత్తది కాదు. టోఫెల్, జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్సే. టోయిక్ అనే దాని ఇంగ్లిషు పరీక్ష పాసైతే విద్యార్థి వీసా పొడిగించుకోవడానికి బ్రిటన్‌లో పనికొచ్చేది. 2014 ఫిబ్రవరిలో బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమం, కొన్ని పరీక్షా కేంద్రాల్లో ఒకరి బదులు మరొకరు కూర్చుంటున్నారని, జవాబులు పైకి చదివి చెబుతున్నారని రహస్య కెమెరాతో చూపించింది. వలస వ్యవహారాలు చూసే హోం ఆఫీసు ఈటీఎస్‌ను వివరణ అడిగింది. ఒకే గొంతు ఎన్ని పరీక్షల్లో వినబడుతోందో పట్టే సాఫ్ట్‌వేరును ఈటీఎస్ రికార్డింగుల మీద నడిపి, అనుమానం వచ్చినవాటిని మనుషులచేత వినిపించింది.

2011 నుంచి 2014 దాకా జరిగిన 58 వేలకు పైగా పరీక్షల్లో 58 శాతం చెల్లవని ఈటీఎస్ చెప్పింది, మరో 39 శాతం సందేహాస్పదమంది. అంటే ప్రతి వంద పరీక్షల్లో మచ్చ లేనివి మూడే! ఈ జాబితాలు పట్టుకుని హోం ఆఫీసు వీసాలు రద్దు చేసింది, కాలేజీల నుంచి పేర్లు తీయించింది. చాలామందికి దేశంలో ఉండి అప్పీలు చేసుకునే దారి కూడా మొదట్లో లేదు. తమ గొంతే అని చూపించుకుందామంటే ఆ రికార్డింగు ఈటీఎస్ దగ్గర ఉంది.

బ్రిటన్ ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీసు 2019 మేలో దీనిమీద నివేదిక ఇచ్చింది. ఆ ఫలితాలు సరైనవో కావో పరీక్షించే నైపుణ్యం హోం ఆఫీసుకు లేదని, చర్యలు మొదలుపెట్టిన దశలో బయటి నిపుణులనూ అడగలేదని అందులో ఉంది. మోసం పెద్ద ఎత్తునే జరిగినా, తప్పు చేయనివాళ్లు కూడా ఇరుక్కుని ఉండవచ్చనీ చెప్పింది. 2022లో ఇద్దరు భారతీయుల కేసులో ట్రిబ్యునల్ మాత్రం, హోం ఆఫీసు సాక్ష్యం సాధారణంగా సరిపోతుందని తీర్పు చెప్పింది. కాబట్టి అందరూ అమాయకులని రాయడం కుదరదు. నాకు మింగుడుపడనిది ఆ 97 శాతమే. అంత అంకె ఒళ్లో పడ్డప్పుడు కొలిచినవాడిని ఒకటికి రెండుసార్లు ప్రశ్నించాలి. ఎవరి పరీక్షా కేంద్రాల్లో మోసం జరిగిందో వాళ్లనే తీర్పరులుగా కూర్చోబెట్టారు. వాళ్లకు తమ పేరు కాపాడుకోవలసిన అవసరం ఉంటుందని ఎవరికీ తట్టలేదా?

మళ్లీ అమెరికాకు వస్తే, 2025 వసంతంలో మన పిల్లల్ని వణికించిన సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) రద్దుల వెనక ఏదో రహస్య ఏఐ ఉందని అప్పట్లో అందరం అనుకున్నాం. కోర్టులో అధికారులు చెప్పింది వింటే సంగతి చాలా సాదాసీదాగా ఉంది. దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర రికార్డుల పట్టికతో పోల్చి చూశారు. సుమారు 6,400 పేర్లు కలిశాయి. కలిసినవి నేరాలో, ట్రాఫిక్ టికెట్లో, కొట్టేసిన కేసులో ఒక్కొక్కటిగా విచారించే తీరిక తీసుకోలేదు. ఒక జాబితాలోని పేర్లన్నీ రద్దు చేయమని ఒక్క ఈమెయిలులో రాశారు. అలా రికార్డు పోయిన టెక్సస్‌లోని ఒక భారతీయ విద్యార్థికి ఉన్నదల్లా ఎప్పుడో 2018లో నిర్లక్ష్యంగా బండి నడిపాడన్న కేసు, అదీ కొట్టేసినదే. వలస న్యాయవాదుల సంఘం అప్పట్లో పోగుచేసిన 327 కేసుల్లో సగం మంది భారతీయులు. ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి, రికార్డులు తిరిగి తెరుస్తామంది.

ఇన్ని చూశాక నాకు అనిపించేది ఇది: ‘ఏఐ చూసిందా, మనిషి చూశాడా’ అన్న ప్రశ్నతో మనం టైము వృథా చేసుకుంటున్నాం. ఏ నియమం పెట్టారు, పెట్టినవారెవరు, తప్పయితే సరిదిద్దే బాధ్యత ఎవరిది అని అడగాలి. ప్రైవేటు కాంట్రాక్టు వచ్చేసరికి ఈ ప్రశ్నలకు జవాబు మరింత దూరం జరుగుతుంది. అందుకు చట్టమే వీలిచ్చింది. ఫోయాలో నాలుగో మినహాయింపు కంపెనీల వ్యాపార రహస్యాలకు సంబంధించింది. బయటపెడితే కంపెనీకి గట్టి నష్టం జరుగుతుందని ఒకప్పుడు చూపించవలసి వచ్చేది. సౌత్ డకోటా పత్రిక ఆర్గస్ లీడర్ ఫుడ్ స్టాంపుల లెక్కలు అడిగిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ఆ మెట్టు తీసేసింది. కంపెనీ మామూలుగా గుట్టుగా ఉంచుకునే సమాచారమై, గోప్యంగా ఉంచుతామన్న హామీతో ప్రభుత్వానికి ఇస్తే చాలంది. కిరాణా దుకాణాల అమ్మకాల గురించి వచ్చిన తీర్పు వలస శాఖ సాఫ్ట్‌వేరుకూ వర్తిస్తుంది.

స్టాంపింగ్‌లో, వీసా ఇవ్వకుండా ఆపినప్పుడు ఇచ్చే 221జి కాగితం పట్టుకుని వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా బిగుతు. వీసా రికార్డులు గోప్యమని వలస చట్టంలోనే, 222 ఎఫ్ సెక్షన్లో రాసి ఉంది. కాన్సులేటు నిర్ణయాన్ని కోర్టులు దాదాపుగా ముట్టుకోవు. భర్తకు వీసా నిరాకరించడాన్ని ప్రశ్నించిన మున్యోజ్ అనే అమెరికా పౌరురాలి కేసులో 2024లో సుప్రీంకోర్టు ఆ తలుపును మరింత దగ్గరగా వేసింది.

అమెరికాలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో ఖాతా తెరిచి ఫోయా కింద మన వలస రికార్డులుండే ఎ-ఫైలు అడగవచ్చు. పౌరసత్వం ఉండాలన్న నియమం లేదు. సెవిస్, అరెస్టు రికార్డులకు ఐస్‌ను విడిగా అడగాలి. వచ్చిన కాగితాల్లో నల్లగా కొట్టేసిన వరసల పక్కన చిన్న కోడు ఉంటుంది. బి4 అని ఉంటే కంపెనీ గుట్టు. బి7ఇ అని ఉంటే దర్యాప్తు పద్ధతులు బయటపడతాయన్న కారణం. ఆ కొట్టివేత అన్యాయమనిపిస్తే జవాబు వచ్చిన నాటి నుంచి 90 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. అప్పీలుకు ఫీజు లేదు.