కరవుసీమలో స్వయంపోషక గృహము

గృహరక్షణ మనగా ఎత్తైన గోడలు, గట్టి తాళములు అని పలువురు తలంతురు. మా అనంతపురసీమలో ఇంటికి తొలిరక్ష నీరు. ఇచట ఏడాది వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు కొలదిదినములలోనే కురిసి పోవును. బోరుబావి యెండిన యెడల ఎంత చక్కని యిల్లైనను విడిచి వలస పోవలసినదే.

1990లో చెన్నేకొత్తపల్లి చెంత టింబక్టు కలెక్టివ్ వారు 32 ఎకరముల బీడునేలను గైకొని, వాననీటిని నిలిపి, చెట్లు పెంచి, సూర్యశక్తితో దీపములు వెలిగించుకొనిరి. ఆ యూరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వారు పొలమున చేసినది మనము మిద్దెపై చేయవచ్చును.

చదరపు మీటరు కప్పుపై మిల్లీమీటరు వాన పడిన లీటరు నీరగును. 50 చదరపు మీటర్ల గచ్చుమిద్దెపై, కరవుకాలమున 250 మిల్లీమీటర్లే కురిసినను, వ్యర్థము పోగా 10,000 లీటర్లు దక్కును. ఐదుగురికి త్రాగుటకు, వంటకు దినమునకు 25 లీటర్ల చొప్పున ఏడాదికి 9,125 చాలును. కావున 10,000 లీటర్లు పట్టు తొట్టి కట్టింపవలెను. మట్టిమిద్దె నీరు దీనికి పనికిరాదు. తొలివానను బయటికి విడిచి, పిదపటి నీటిని ఇసుక, గులకరాళ్లగుండ వడియగట్టవలెను. వెలుతురు, దోమలు చొరకుండ తొట్టిని మూసి, త్రాగునీటిని కాచుకొనవలెను.

అంట్లు తోమిన నీరు మునగకు, కరివేపకు పారింతము. పొట్టుతీయని కొఱ్ఱలు గాదెలో నిల్వయుంతము. దీపమునకు సౌరఫలకము చాలును.

కడవ మోయువారికే నీటి కొలత తెలియును. ఇంటి పటము గీయునాడు మనమును కూర్చుండి, పడకగదికంటె ముందు తొట్టికి చోటడుగుదము.