అక్షరదీపం (నెల్లూరు జిల్లా)

అక్షరదీపం 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో (2008 నుండి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా) జరిగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం. జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు గ్రామాలలో రాత్రి బడులు నడిపి వయోజనులకు చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్పారు. ఆంధ్ర ప్రదేశ్ సారా వ్యతిరేకోద్యమానికి ఈ బడులే పుట్టిల్లు.

నేపథ్యం

నెల్లూరు జిల్లా తూర్పు భాగం పెన్నా నది నీటితో వరి పండే డెల్టా. పశ్చిమాన వెలిగొండల వైపు ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో అధిక భాగం వర్షాధారమైన మెట్ట. సోమశిల జలాశయం ఆత్మకూరుకు సమీపంలోనే ఉన్నా, ఎత్తున ఉన్న గ్రామాలకు దాని నీరు అందదు. కూలి పనికి పోయే కుటుంబాలలో, ముఖ్యంగా స్త్రీలలో, బడి ముఖం చూడనివారు ఎక్కువ.

భారత ప్రభుత్వం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను స్థాపించింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలో మొట్టమొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ప్రకటింపబడింది. ఆ నమూనాను చేపట్టిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. ఇక్కడ 1990లో సన్నాహాలు మొదలై, 1991లో బోధన ముమ్మరంగా సాగింది.

బోధనా విధానం

సుమారు పది మంది అభ్యాసకులకు ఒక కార్యకర్త ఉండాలన్నది నియమం. గ్రామంలో కాస్త చదువుకున్న యువతీయువకులే బోధకులు. పాఠశాల వసారా, రామాలయం, వీధి అరుగు, ఏది దొరికితే అదే తరగతి గది. పాటలు, వీధి నాటకాలతో కళాజాతాలు ఊరూరా తిరిగి జనాన్ని బడికి పిలిచాయి.

చిన్నపిల్లలకు వలె ఓనమాలతో మొదలుపెట్టక, అభ్యాసకులు నిత్యం పలికే మాటతో పాఠం మొదలయ్యేది. ముందుగా ఆ మాట గురించి చర్చ, ఆ పైన దానిని అక్షరాలుగా విడదీయడం, ఆ అక్షరాలతో కొత్త మాటలు కూర్చడం. మూడు వాచకాలను సుమారు 200 గంటలలో పూర్తి చేయాలి. పగలంతా పొలంలో వంగి పనిచేసి వచ్చిన మనిషికి ఇది తక్కువ శ్రమ కాదు. పలక పట్టడం తెలియని చేతికి బలపం కన్నా కొడవలే తేలిక. అయితే ఈ పద్ధతిలో అక్షరం కన్నా ముందు చర్చ వస్తుంది. వాచకం వ్రాసినవారు ఊహించనంత దూరం ఆ చర్చ వెళ్ళింది.

దూబగుంట

వాచకంలోని "సీతమ్మ కథ" తాగుడు వలన చితికిపోయిన సంసారం గురించిన పాఠం. కలిగిరి మండలంలోని దూబగుంటలో (ఇది ఉదయగిరి శాసనసభా నియోజకవర్గంలోని గ్రామం) స్త్రీలు ఈ విషయం చర్చించుకొని, 1991లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారికి వర్ధినేని రోశమ్మ ముందు నిలిచింది. ఆమె తరువాత దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి పొంది 2016లో మరణించింది. ఈ విజయం "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పేరుతో తరువాతి వాచకంలో పాఠమయింది. అది చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలోనూ అదే పని చేశారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకున్నారు.

ఇందులో ప్రభుత్వానికి ఇరకాటం లేకపోలేదు. వాచకాలను అచ్చు వేసింది ప్రభుత్వ సాయంతో నడిచే కార్యక్రమమే, సారా అమ్మకాలపై ఆదాయం పొందుతున్నదీ ప్రభుత్వమే. చివరకు 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. సారాపై నిషేధం మాత్రం నిలిచింది.

తరువాతి పరిణామాలు

కొత్తగా నేర్చిన చదువు వాడుక లేకపోతే త్వరగా మరుగున పడుతుంది. అందువలన అనంతర అక్షరాస్యత, నిరంతర విద్య అనే దశలు ఏర్పరచారు. అయితే తొలి ఏడాది నాటి ఊపు వాటిలో కనబడదు. జీతం లేని పనిని ఏళ్ళ తరబడి చేయమనడం ఎవరికైనా కష్టమే.

ఉపాధ్యాయుల కొరత ఉన్న గ్రామీణ పాఠశాలలలో "విద్యా వాలంటీర్లు" అనే పేరుతో గౌరవ వేతనంపై నియమింపబడినవారు వేరు. పేరులో వాలంటీరు అని ఉన్నా వారు చేసింది ఉపాధ్యాయుని పూర్తి పనే. 2010 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి.

వయోజనుల కొరకు 2009 నుండి 2018 వరకు సాక్షర భారత్ కార్యక్రమం నడిచింది. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమం బోధన బాధ్యతను మళ్ళీ జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలకే అప్పగించింది.