లిస్టా? సెట్టా?

"పైథాన్ వట్టి నత్తనడక భాష, కొత్త కంప్యూటరు కొంటే తప్ప లాభం లేదు" అనే మాట మన హాస్టల్లో తరచు వింటూంటాను. అందులో సగం నిజం లేకపోలేదు. 1991లో వెలువడిన పైథాన్ ఇంటర్‌ప్రిటర్ మీద నడిచే భాష. ప్రోగ్రాం నడుస్తూండగానే ప్రతి విలువా ఏ రకందో చూసుకుని మరీ పనిచేస్తుంది. దానికి కొంత కాలం ఖర్చవుతుంది. కాని మిగతా సగం మన చేతిలోనే ఉందని నేనంటాను. ఎలాగో చూద్దాం.

ఫీజు కట్టిన లక్షమంది నంబర్లు మన దగ్గర ఉన్నాయనుకోండి. వాటిని లిస్టులో పెడితే, ఒక నంబరు ఉందో లేదో చూడటానికి యంత్రం వరుసలో మొదటి నంబరు నుంచి ఒక్కొక్కదాన్నీ "నువ్వేనా?" అని అడుగుతూ పోవాలి. అసలు లేని నంబరైతే లక్ష పోలికలూ తప్పవు. అలాంటివి లక్ష వెతికామా, పోలికలు వెయ్యి కోట్లు!

అవే నంబర్లు సెట్టులో పెడితే కథ వేరు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేసే గళ్ళు చూశారు కదా, అలాంటిదే అన్నమాట. నంబరు నుంచి హాష్ అనే ఒక విలువ లెక్కకట్టి, అది ఏ గడిలో ఉండాలో తేల్చుకుని యంత్రం నేరుగా అక్కడికే వెళుతుంది. ఆ గడిలో మరొకటి ఉంటే ఇంకో గడి చూస్తుంది. సాధారణంగా నాలుగైదు గళ్ళు కూడా దాటనక్కర్లేదు. డిక్షనరీలో వెతుకులాట కూడా ఈ పద్ధతిలోనే. చిత్రమేమిటంటే, లిస్టుకైనా సెట్టుకైనా మనం రాసేది 'ఇన్' అనే ఒక్క మాటే. పైకి తేడా కనబడదు.

అలాగని అన్నిటికీ సెట్టే మేలని కాదు. అది జ్ఞాపకస్థలం ఎక్కువ తింటుంది, వరుసక్రమం పాటించదు, ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోదు. పైగా లిస్టును సెట్టుగా మార్చాలంటే అన్ని నంబర్లనూ ఒకసారి తడమాల్సిందే. ఒక్కసారి వెతికి ఊరుకునే పనికి ఆ శ్రమ దండగ. పదేపదే వెతికేటప్పుడే లాభం.

కనుక మిత్రులారా, ఇంటికి డబ్బుకోసం రాసేముందు మీ ప్రోగ్రాం ఏ ప్రశ్నను ఎన్నిసార్లు అడుగుతోందో చూసుకోండి. పైథాన్‌తోపాటే వచ్చే 'టైమిట్'తో రెండు పద్ధతులనూ కొలిచి చూడండి. పాత కంప్యూటరే సరిపోవచ్చు.